గురువారం, పుంటా అరేనాస్

మనుషులు ఎగిరిపోకుండా వీధి మూలల్లో తాళ్లు కడతారిక్కడ.
తాడు పట్టుకునే వచ్చింది ఎదెల్మీరా,
కోటు లోపల బిడ్డ, చంకలో ఉన్ని సంచీ.

రేకుల షెడ్డులో పొయ్యి చుట్టూ తొమ్మిదిమంది తల్లులు.
నర్సు జ్వరాల గురించి చెబుతోంది:
"ఒళ్లు కాలితే తడిగుడ్డ.
కంగారుకి మాత్రం నా దగ్గర మందు లేదు."
ఒతీలియా రాసుకోదు. ఐదుగుర్ని పెంచిన చెయ్యి.
అయినా ఏ గురువారమూ మానదు.
"ఇంట్లో అందరికీ అమ్మనే,
పేరుతో పిలిచేది మీరే" అంది ఒకసారి.

ఇల్లు కాలిన కుటుంబానికి దుప్పటి,
తలా ఒక చదరం.
ఎదెల్మీరాది వంకరపోయింది, మధ్యలో అల్లిక జారి కన్నం.
విప్పబోతే ఒతీలియా చెయ్యి అడ్డుపెట్టింది.
"ఉండనీ.
నిద్రపట్టని పిల్లకి
వేలు దూర్చుకోడానికి ఏదో ఒకటి కావాలిగా."

బయట తాడు ఈల వేస్తోంది.