పొయ్యి అప్పజెప్పుడు

నాంపెల్లీ, చెప్పులు ఇడిసి లోపలికి రా.
ఇది సైక్. కింద మస్కట్‌ల చూసిన ఎండను ఇక్కడ యాది చెయ్యకు.
జనవరిల బకెట్ నీళ్లు తెల్లారేసరికి అద్దమైతయ్.
నీ పల్చటి కంబలి చూస్తె నవ్వొచ్చింది,
తొమ్మిదేండ్ల కింద నేను గూడ అసోంటిదే తెచ్చుకున్న.

ఎల్లుండి నా టికెట్టు.
తాళాలు, ఫలజ్ నీళ్ల వంతు, మేకల లెక్క నిన్ననే చెప్పిన.
ఇగ ఇది మిగిలింది,
నలుగురం మోసి దించిన నల్ల ఇనుము.

మన పొయ్యి కట్టెను తిని, పొగను మన కండ్లకు ఇడుస్తది.
ఇది పొగను గూడ తింటది.
లోపల మీదికి తేనెతుట్టె అసోంటి బిల్ల ఉన్నది, వంగి చూడు.
పొగ ఆ తొర్రలకెళ్లి పోతది. పోతపోత అంటుకుంటది.

ముందు కట్టె.
రెండు మొద్దులు పట్టి ఒకదానికొకటి కొట్టు.
టంగుమంటె ఎండింది.
దబ్బుమంటె వాన ఇంక దాని కడుపుల్నే ఉన్నది, పక్కకు పెట్టు.
మా అయ్య ఆవం దించినంక ప్రతి కుండను
ఏలి మెటికతోని గట్లనే కొట్టేటోడు,
పగులును చెవితోని చూసేటోడు.
దానిమ్మ పుల్లలు అంటుపెట్టడానికే, సమర్ మొద్దు రాత్రికి.
పై గుట్ట మీది ముసలి చెట్ల జోలికి పోకు,
ఎండి పడ్డా సరే.

ఎడమ పక్క పిడి గుంజితె పొగకు అడ్డదారి.
అంటుపెట్టేటప్పుడు అది తెరిచే ఉండాలె.
సూది రెండువందల అరవై దాటాలె,
దాటినంక గూడ ఒక చాయ్ తాగేంతసేపు ఆగు.
అప్పుడు పిడి మూయి.
బిల్ల ఎర్రబడుతది. కుంపటి ఎరుపు కాదు,
మూడో జాముల ఆవం నడిమిట్ల
కుండలు తమంతట తాము ఎలిగే ఎరుపు.

ఇగ గాలి కొద్దికొద్దిగ తగ్గించు.
మంట పెద్దగుంటెనే ఎచ్చగుంటదని నేను గూడ అనుకున్న.
మంట దాదాపు సస్తది, అద్దంల చీకటైతది.
చెయ్యి దగ్గరికి పెట్టు. ఎచ్చ అప్పుడు మొదలైతది.
మూడు మొద్దులతోని తెల్లారుతది.

తలుపు తియ్యాలంటె ముందు పిడి తెరువు.
మరిస్తె ఏమైతదో నా ఎడమ కనుబొమ్మ చూడు, సగమే ఉన్నది.
తలుపు తాడు వదులైందా?
వంద బైసల నోటు సందుల పెట్టి, మూసి, గుంజు.
సులువుగ వస్తె తాడు మార్చాలె.
నెలాఖర్ల నోటు లేక
నేను బస్సు చిట్టీతోని చూసిన రోజులు గూడ ఉన్నయ్.

ఒకటి చెప్తె నవ్వకు.
మొదటి చలికాలం రంగేసిన తలుపు చెక్కలు,
ఖర్జూరం డబ్బాలు, ఏది దొరికితె అది ఏసిన. మంచిగనే కాలినయ్.
నాలుగో రోజు బిల్ల ఎరుపెక్కలే.
గొట్టం మీదికెళ్లి తడిగుడ్డ అసోంటి పొగ
దిగి ఇంటిని చుట్టుకున్నది.
లోపలి అర్రల షమ్సా పెద్దామె దగ్గు.

నలభై రోజాపూల కాలాలు ఆమె
మట్టిపొయ్యి ముంగట కూసోని పన్నీరు దించింది.
వాసన ఊరికి, పొగ ఆమెకు.
కొడుకు ఈ ఇనుమును సముద్రాలు దాటించింది
చలికి కాదని నాకెవ్వరు చెప్పలే.
మూడు రాత్రులు ఆ దగ్గు చెప్పింది.
కొత్త బిల్ల నా రెండు నెలల జీతం.
అర్బాబ్ ఒక్క బైసా కోయలే.
కోస్తె బాగుండు అనిపించింది.

నెలకోసారి, సల్లారినంక, మెత్తటి బ్రష్షుతోని దులుపు.
కడగకు. చువ్వతోని పొడువకు.
బూడిద అంత ఎత్తకు, రెండేళ్ల మందం ఉండనియ్యి.

మంచిగ నడుస్తుందా అని ఎవర్నీ అడుగకు.
ఫజర్ అజాన్‌కు ముందు బయటికి పోయి గొట్టం దిక్కు చూడు.
పొగ కనబడొద్దు.
గొట్టం మీది చుక్కలు మాత్రం
నీళ్లల్ల పడ్డట్టు కదులాలె.
ఎనుకకు వచ్చి ఆమె కిటికీ కాడ జరంతసేపు నిలబడు.
ఏం ఇనబడకుంటె పోయి చాయ్ పెట్టు.
ఆమెకు గూడ ఒకటి.
చక్కెర ఎయ్యకు.