దండాసి పద్దు

పొద్దున్న అయిదున్నరకి స్టోర్ రూం తాళం తీస్తాను.
మూడు బంతులు, ఒక గాలిపంపు,
పోయినేడు కొన్న గ్లౌజులు (ఎలకలు ముందే తొడుక్కున్నాయి).
రిజిస్టర్లో దండాసి సంతకం పెడతాడు.
చిటికెన వేలు పక్కకి తిరిగిపోయింది కదా,
సంతకం కూడా కాస్త పక్కకే నడుస్తుంది.

కలకత్తాలో పదకొండేళ్లు గోలు కాసిన చేతులవి.
పెద్ద క్లబ్బులు కావు.
వానొస్తే బురద, రాకపోతే దుమ్ము, ఎప్పుడూ లేనిది జనం.
జీతం రెండు నెలలకోసారి,
పేపర్లో పేరు రెండేళ్లకోసారి, అదీ అచ్చుతప్పుతో.
ఇప్పుడు చదివిన కాలేజీకే కోచ్.
ఏడాదికోసారి కాంట్రాక్టు.
ఆ కాయితం టైపు కొట్టేది నేనే.

గట్టిగా తంతే బంతి ఏరు దాటి
పాతపట్నంలో పడుతుందని,
తేవాలంటే ఆంధ్రా పర్మిషన్ కావాలని
పర్లాకిమిడిలో మా పాత జోకు.
దండాసి తెలుగులో తిడతాడు, ఒడియాలో మెచ్చుకుంటాడు,
బంతి గోలు మీదకొస్తే మాత్రం
గొంతులోంచి బెంగాలీ దూకుతుంది.
సవర గుంటడు ఇసాకు రయితకి
మూడూ తెలుసు. ఏదీ వినడు.

ముందు పడడం నేర్పుతాడు.
వారం రోజులు బంతే ఇవ్వడు.
కుడికి పడు, లే. ఎడమకి పడు, లే.
పడ్డవాడు మట్టిని తిట్టకూడదు, మళ్లీ పడు.
తను మాత్రం పడి చూపించడు.
మోకాలి సంగతి కుర్రాళ్లకి తెలీదు.
అతను మెట్లు దిగేటప్పుడు
వెనక నడిచేవాణ్ని, నాకు తెలుసు.

నిన్న ఇసాకు అడిగేశాడు:
"సార్, మొత్తం ఎన్ని గోల్సు ఆపారు?"
సంచిలోంచి ఒక నోటుబుక్కు తీశాడు,
కేలండరు కాయితం అట్ట వేసింది.
"ఆపినవి రాయలేదురా. వదిలినవే."
రెండు వందల పధ్నాలుగు.
తేదీ, ఊరు, కొట్టినవాడి పేరు, ఏ కాలు,
ఆ క్షణాన తన కాలు ఎక్కడుందో.
మొదటి పేజీలు తెలుగు, కాలేజీ రోజులవి.
పోనుపోను అక్షరాలు
నెత్తిన గీత పెట్టుకున్నాయి.
ఆఖర్న మళ్లీ తెలుగే, వంకరగా.

అందరూ వెళ్లాక నేను తిరగేశాను.
నా పేరు కోసం, ఇంకెందుకు?
తొంభై నాలుగు, బీఎస్సీ మీద బీకాం,
పెనాల్టీ కాదు, ఆట నడుస్తుండగా ఎడమకాలితో.
కొమ్ముతో కొంగలు చెక్కే మా నాన్న
ఆకురాయి పక్కన పెట్టి
మొదటిసారి గోడెక్కి చూసిన రోజు.
ముప్ఫై ఏళ్లుగా స్టేషను టీ కొట్టులో
గుణుపురం బండి వచ్చేలోగా
రోజుకి ఒకసారైనా కొట్టే గోలు.
రెండుసార్లు వెతికాను.
లేదు.

"నా గోలు రాయలేదేం?"
దండాసి బూటు లేసు విప్పుతున్నాడు.
తలెత్తలేదు.
"ఆ రోజు మీ నాన్న గోడ మీద ఉన్నాడు కదా."

మూడు బంతులూ లెక్క చూసుకున్నాను.
ఒకదాంట్లో గాలి దిగిపోయింది.
పంపు పెట్టి కొడుతూనే ఉన్నాను,
నిండిందో లేదో
నొక్కి చూడ్డం మర్చిపోయి.

బయట ఇసాకు ఒక్కడే
ఎడమకి పడుతున్నాడు, లేస్తున్నాడు.
మళ్లీ ఎడమకే.