సుమారు

అనుబంధం నాలుగు, పేజీ నూట పన్నెండు.
'స్థానిక మత్స్యకారుల వాంగ్మూలాలు' కింద
గరికిన దానమ్మవి మూడు పంక్తులు.
ఇంగ్లీషులోకి దించింది నేనే,
పేజీకి నూట ఎనభై రూపాయలు.

ఆమె చెప్పింది మూడు పంక్తులు కాదు.
ఫిషింగ్ హార్బర్లో ఐసుపెట్టె మీద కూర్చుని
కానాగంతల పొట్టలు కోస్తూ
ఎండెక్కేదాకా చెప్పింది:

"ఇంజను సప్పుడు బట్టి సెప్తాను బాబూ, ఏ బోటు ఎవలిదో.
ఎల్లాజీది దగ్గుద్ది. సోమేసుది గురక.
ఏటకెల్లినవి నూట నలభై ఏడు.
తిరిగి ఎన్నొచ్చినాయో లెక్కెట్టుకుంటేగాని
నా నోట్లోకి ముద్ద దిగదు."

నూట నలభై ఏడు నివేదికలో కుదురుగా లేదన్నారు
సిరిపురం ఆఫీసులో.
'సుమారు నూట యాభై' అని రాయమన్నారు.
రాశాను.
దగ్గునీ గురకనీ కొట్టేశాను,
ఇంగ్లీషు దొరక్క కాదు.

ఏడాదిన్నరకి రెండో సంపుటం.
నీలం అట్ట, మూలన 'పరిమిత పంపిణీ' ముద్ర.
తీరభద్రతలో లోపాలు అన్న అధ్యాయం:
గత అధ్యయనం ప్రకారం పడవలు నూట యాభై,
రిజిస్టరులో నూట నలభై ఏడు,
ఆచూకీ లేనివి మూడు.
ఆ మూడింటి మీద పదకొండు పేజీలు, ఒక పటం,
డాల్ఫిన్స్ నోస్ మీద పెట్టాల్సిన కెమెరాకి
అంచనా వ్యయం, పన్నులు అదనం.

అచ్చుతప్పులు దిద్దమని నాకే పంపారు.
దిద్దాను.
అచ్చుతప్పులే.

మొన్న పూర్ణా మార్కెట్ దగ్గర
అర కేజీ తూస్తూ అడిగింది దానమ్మ,
"నా మాట పుస్తకంలో ఏసినారా?"
వేశారమ్మా.
"ఏదీ, ఓపాలి సదివి ఇనిపించు."
ముద్ర పడింది, బయటి వాళ్ళకి చూపకూడదన్నాను.
కత్తి ఆపి నవ్వింది.
"నాను సెప్పిందే గదేటి, నాకాడ దాస్తారా?"
ఒక కానాగంత ఎక్కువేసింది సంచిలో.
లెక్క తప్పి కాదు.

రాత్రి పాత పోస్టాఫీసు వీధిలో, మా మేడ మీద
బొగ్గు పొడి పట్టిన చొక్కాలు తీస్తున్నాను.
దూరంగా గస్తీ ఓడ దీపం
నీళ్ళని అటూ ఇటూ తిరగేస్తోంది,
నేను రాసిన మూడింటి కోసమే కాబోలు.
దాని వెనక మిణుకు మిణుకుమంటూ మిగిలినవి.
చెవి ఒగ్గి విన్నాను.
దగ్గేదేదో, గురక పెట్టేదేదో, నాకన్నీ ఒకటే మోత.

వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టాను.
పదిహేడు దగ్గర
ఖనిజం ఓడ ఒకటి అడ్డొచ్చింది.