అగ్నిశేషం

నూట పద్నాలుగు కుప్పలు.
జూన్‌లో రంపాలు అడవిని పలచన చేసినప్పుడు
నేలపడ్డ కొమ్మా రెమ్మా, తొక్కా తునకా,
ఒక్కోటీ నా నెత్తికి మూరెడు పైన.
అప్పుడే నడుమ మైనపు కాగితం కప్పి
పైన మళ్ళీ పుల్లలు పేర్చాం,
అడవంతా నానిపోయిన నవంబర్ రోజున
కడుపులో గంపెడు పొడి మిగలాలని.

డెల్లా ర్యాన్స్‌డెల్ ట్రక్కు బానెట్ మీద పటం పరిచింది.
ఒక మూలకి ఫ్లాస్కు, ఒక మూలకి రేడియో,
మూడో మూలకి తన మోచెయ్యి.
నాలుగోది గాలికి లేచి ఆమె చెంప మీద కొట్టింది.
"వాతావరణ సూచన వచ్చింది, రాసుకో" అంది.

రాసుకున్నాను:
పడమటి గాలి, గంటకి ఆరు మైళ్ళు.
మంచు బెత్తెడు. కింద నేల చెమ్మ.
పొగ పైకి పోతుందా, బిటర్‌రూట్ లోయలోనే పక్కేస్తుందా
అన్నచోట ఖాళీ వదిలాను.
మిజూలా నుంచి ఫోన్‌లో ఒక గొంతు
"పదకొండు దాటాక చూడండి" అంది, అంతే.

పదకొండు దాకా పార పని.
కుప్ప చుట్టూ ఎర్రమట్టి కనబడేదాకా గీకాం.
పక్క లార్చ్ చెట్టు తన పసుపంతా రాల్చేసి
ఊరికే నిలబడి చూసింది.
అంటిస్తే ఒకవైపే అంటించాలి,
రెండోవైపు తలుపు తీసి ఉంచినట్టు.
లోపల అడవెలుక కాపురం పెట్టిందో,
కుందేలు నిద్రపోతోందో మనకేం తెలుసు.
"ఇల్లు తగలెట్టేటప్పుడు కూడా మర్యాదుంటుంది"
అంటాడు క్విల్, పందొమ్మిదేళ్ళవాడు,
నిరుడు కాలిన ఇంట్లోంచి వచ్చినవాడు.

ఫోన్లు నా వంతు. లోయలో పదిహేను గడపలు.
చిట్టచివర ఓర్విల్ టెగ్నర్ ఎత్తాడు,
మాటకీ మాటకీ నడుమ ఆక్సిజన్ బుస్సుమంటూ.
"తగలెట్టండమ్మా. ఆగస్టు పొగ అడక్కుండా వస్తుంది,
మీది ఫోన్ చేసి వస్తోంది.
కిటికీ సందుల్లో తడి తువాళ్ళు కుక్కుకుంటా.
ఎన్నింటికి ఆపుతారు?"
నాలుగింటికి, అన్నాను.
"నాలుగంటే నాలుగేనా?"
నేను డెల్లా వైపు చూశాను.
ఆమె మాట్లాడకుండా పటం మీద
వాగు పక్క ముప్పై కుప్పల్ని కొట్టేసింది.

పదకొండు పది. పరీక్షకి ఒకే ఒక్కటి.
మూడుపాళ్ళు డీజిల్, ఒకపాలు పెట్రోలు,
టార్చి మూతి నుంచి నిప్పు చుక్కలు చుక్కలుగా జారింది.
పొడి కడుపు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది.
పొగ లేచింది, తెల్లగా, నిటారుగా,
క్విల్ "పోతోంది, పోతోంది" అన్నాడు.
చెట్ల చివర్లు దాటిందో లేదో
ఏదో కప్పు తగిలినట్టు వంగి,
నింపాదిగా
ఓర్విల్ ఇంటి వైపు నడక మొదలెట్టింది.

"ఆపండి" అంది డెల్లా.
ఎవరూ ఎదురు చెప్పలేదు. టార్చి మూత బిగించాం.
నూట పదమూడు కుప్పలు మా వంక చూస్తుండగా
ఆ ఒక్కదాన్నే చల్లార్చడానికి కూర్చున్నాం.
నీళ్ళు, పార, మళ్ళీ నీళ్ళు, తిరగెయ్యి, విప్పు.

మూడేళ్ళ కింద ఇలాగే ఒకటి ఆర్పాం అనుకున్నాం.
దాని మీద నడుములోతు మంచు పడింది.
ఏప్రిల్లో ఒక పొడిగాలి వచ్చి లేపితే
లేచి, ఒళ్ళు విరుచుకుని, కొండెక్కింది.
నివురుగప్పిన నిప్పు అంటామే,
ఆ మాటకి అయిదు నెలల ఓపిక ఉంటుందని
ఆ రోజే తెలిసింది నాకు.
డెల్లా ఆ సంగతి ఎత్తదు.
చేతొడుగు తీసేసి, అరచేతి వీపు
బూడిద మీద ఇంచి ఎత్తున ఆడిస్తుంది,
జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.
తర్వాత వేళ్ళు లోపలికి దించుతుంది.

సరిగ్గా నాలుగింటికి ఫోన్ మోగింది.
"తువాళ్ళన్నీ తడిపి కూర్చున్నా. పొగేదమ్మా?"
ఇవాళ లేదు, అన్నాను.
బుస్సు. బుస్సు.
"మరి రేపు?"

నా ఉంగరం వేలికి, మసి కింద ఎక్కడో,
ఇంకా ఒక గోరువెచ్చని చోటు తగులుతోంది.
"ఉండండి" అన్నాను.
క్విల్ నీళ్ళ డబ్బా నింపుకొస్తున్నాడు.