నలభై ఎనిమిది గంటలు

జూన్ నెల, టూసాన్.
పొద్దున ఐదున్నరకే నిచ్చెన వేడెక్కుతోంది.
డెల్ఫీనా బ్రాకమోంటె మోకాళ్లకు తొడుగులు కట్టుకుని
నా మిద్దె ఎక్కింది, అరవై ఒకటో ఏట.

నా చేతిలో రెండు కాగితాలు:
అక్రిలిక్, సిలికాన్.
రెండూ తెలుపే. రెండింటికీ పదేళ్ల హామీ.
ఒకటి కాస్త చవక.
"ఏది మంచిది?" అన్నాను,
బడిలో పిల్లలు నన్ను అడిగినట్టే,
లెక్క వద్దు, జవాబు చాలు అన్నట్టు.

ఆమె నీళ్ల గొట్టం అడిగింది.

నీరు పల్లమెరుగు అంటారు మావాళ్లు.
నేనే ఎరగలేదు.
మూడేళ్లుగా ఆ పల్లం కిందే పడుకుంటున్నాను.
కూలర్ పక్కన, చాపంత మేర,
నీళ్లు వచ్చి కూర్చున్నాయి.
సుద్దముక్కతో అంచు గీసింది డెల్ఫీనా.
"నలభై ఎనిమిది గంటలు చూడు, మాయెస్ట్రో.
అప్పటికీ ఉంటే అది తడి కాదు, కాపురం."

మధ్యాహ్నానికే ఆరిపోయింది.
సంబరంగా ఫోన్ చేశాను, చవకది తెచ్చేస్తానని.
"జూన్ సాక్ష్యం చెల్లదు," అంది.
"జూన్‌లో అబద్ధం కూడా ఆరిపోతుంది.
జూలై రానీ."

జూలై వచ్చింది.
కొండల మీంచి దుమ్ము ముందు, వాన వెనక.
హాల్లో బకెట్ పెట్టి
చుక్కల మధ్య వ్యవధి లెక్కపెట్టాను.
మూడో రోజు కూడా
సుద్దగీత నిండా ఆకాశమే.
ఒక గువ్వ దిగి నీళ్లు తాగి వెళ్లింది.

అప్పుడు ఆమె కత్తి తీసింది.
అరచేయంత చతురస్రం కోసి
ముక్కను నా చేతిలో పెట్టింది.
పైన సుద్దలా రాలే తెలుపు,
దాని కింద వెండిరంగు,
దాని కింద తారు, మళ్లీ తారు, కంకర,
అడుగున చెక్క, నీళ్లలో పడ్డ అప్పడంలా.
ఇల్లు కొన్న ప్రతివాడూ
ముందువాడి తప్పు మీద తన తెలుపు పూశాడు.
పైన పటారం, లోన లొటారం.
నేనూ బ్రష్షు పట్టుకుని వరసలో నిలబడ్డవాణ్ణే.

తాడిపత్రి పక్క చవుడు మిద్దెలుండేవి.
ఏటా వానలకు ముందు కొత్త చవుడు తోలి పరిచేవాళ్లు.
హామీ ఎవరూ అడగలేదు.
దాని ఆయుష్షు ఏడాదేనని ఇంటిల్లిపాదికీ తెలుసు.

"సిలికాన్ నిలవనీటికి జంకదు," అంది డెల్ఫీనా.
"కానీ ఒకసారి పూశావా,
ఇక దాని మీద దాని జాతిదే అంటుకుంటుంది.
ఇంకేదీ నిలవదు."
ఇలాంటి సంబంధాలు చాలా చూశాను అన్నాను, తెలుగులో.
ఆమె తలూపింది.

పాత తెలుపు మీద ఒక మూల
రంగులో గుడ్డపీలిక అద్ది వారం ఆరనిచ్చింది.
తర్వాత చేపలు తూచే కాటా కొక్కెం తగిలించి లాగింది.
పీలిక ఊడివచ్చింది, వెనకాల వెండిపొర అంటుకుని.
"చూశావా? మన రంగు పట్టు వదల్లేదు.
దాని కిందిది వదిలేసింది."

నిచ్చెన కింద కూర్చుని
ఆ మాటని చాలాసేపు అటూ ఇటూ తిప్పాను.
నా గురించా అనిపించింది. కాదు, మిద్దె గురించే.

పల్లం మేర కోసేశాం.
కొత్త చెక్క వేసి, గట్టిపలకతో వాలు లేపి,
ఊడే పొరలన్నీ గీకి,
గొట్టంతో నీళ్లు వదిలాం మళ్లీ.
ఈసారి అవి ఆగలేదు,
తూము దారి పట్టుకుని గబగబా వెళ్లిపోయాయి,
బస్సు తప్పిపోతుందన్నట్టు.

చివరికి పూసింది అక్రిలిక్కే, రెండు పూతలు.
ఆ చవకదే.
ముందు చేసిన పని మాత్రం చవక కాలేదు.

ఇప్పుడు మిద్దె మీద నల్లకళ్లద్దాలు లేకుండా నిలబడలేను.
"ఐదేళ్లకి పిలువు," అంది, డబ్బా మూత కొట్టేస్తూ.
హామీ కాగితం పదేళ్లంటోంది అన్నాను.
"కాగితం మిద్దె ఎక్కదు కదా."

వాన రాత్రుళ్లు మెలకువ వస్తుంది.
మంచానికి సరిగ్గా పైన
సుద్దగీత ఎక్కడుండేదో వేలితో చూపించగలను.
బకెట్ ఇంకా హాల్లోనే ఉంది.
తీసేయాలి.