పదిహేను శాతం

కామాక్షిపాళ్య, రెండో క్రాస్, రేకుల షెడ్డు.
ఓబులేసు బండి స్టాండెక్కి ఉంది,
వెనక చక్రం గాల్లో.
"నలభై ఐదు దాటి చావదక్కా.
పది నిమిషాలు లేటైతే యాభై కోస్తారు."

కంట్రోలర్‌కి కేబుల్ గుచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను.
వేగం కావాలంటే, ఓబులేసూ,
లోపల అయస్కాంతం పట్టు
కొంచెం సడలించాల.
అది వదులైనకొద్దీ చక్రం ఉరుకుతుంది.
ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం
ఆ పట్టే అడుగుతుంది బండి.

వాడు వింటేగా.
పది శాతం. పన్నెండు. పదిహేను.
చక్రం ఈల వేసింది.
అరవై రెండు!
వాడి పళ్ళన్నీ బయటికొచ్చాయి.

గాల్లో తిరిగే చక్రానికేం,
దాని మీద ఎవరూ కూర్చోలేదు గదా,
వీపున బిర్యానీ సంచీ లేదు.

ఎనిమిదో రోజు తోసుకుంటూ వచ్చాడు.
నాయండహళ్ళి ఫ్లైఓవర్ నడుమ
ఆగిపోయిందట.
మోటారు మీద చెయ్యేసి వెంటనే తీసేశాను,
అట్ల పెనం.

"మొదట ఉన్నట్టే పెట్టనా?"
పలకలేదు.
జేబులో ఫోన్ మోగింది, కొత్త ఆర్డరు.
"పన్నెండు పెట్టక్కా."

ఎనిమిది పెట్టాను.
పన్నెండని చెప్పాను.