నిండేదాంక

ముప్పై ఒక్క ఏండ్లు బండి నడిపిన,
నేను మాత్రం నడువలే.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల నీళ్ల ట్యాంకరు,
అయిదు వేల గ్యాలన్లు.
కాళ్లకు తెలిసిన పని మూడే:
ఎడమది క్లచ్చు,
కుడిది బ్రేకు, లేకుంటే రేసు.
మీటరు మీద లక్షల కిలోమీటర్లు తిరిగినయి,
నా చెప్పుల అడుగు మాత్రం కొత్తగనే ఉండె.

అరవై నిండిన నెలకు కంపెనీ పంపిచ్చేసింది.
ఒక కవరు, ఒక గోడగడియారం,
క్యాంపు పోరగాండ్లు కోసిన కేకు.
వీసా కాగితం మీద ఇన్నేండ్లు కంపెనీ పేరుండె,
ఇప్పుడు నా బిడ్డ సుజల పేరున్నది.
దవాఖాన ల్యాబుల పదిమంది నెత్తురు చూసే పిల్ల
నా నెత్తురు చూసి రెండు దినాలు మాట్లాడలే.
మూడో దినం బూట్లు తెచ్చింది.
తెల్లటి బూట్లు.
పెండ్లికి సుత గసొంటియి తొడగలే నేను.

ఆగస్టుల ఇక్కడ బయట నడుసుడంటే
ఇడ్లీ గిన్నెల నడుసుడే.
తెల్లారకముందే కండ్లద్దాలకు ఆవిరి పడుతది.
అందుకే మాల్‌కు పోత, దుకాణాలు తెరువకముందు.
వాచ్‌మన్ దిల్‌బహదూర్ పక్కతలుపు తీస్తడు,
"చాచా, నిన్న రాలే?" అని లెక్క అడుగుతడు.
లోపట చల్లగ, ఫినాయిలు వాసన.
అద్దాల వెనుక బట్టల్లేని బొమ్మలు
చేతులు ఊడదీసి పక్కన పెట్టుకోని నిలబడ్డయి.
మొదటి వారం నా మోకాళ్లు సుత గట్లనే,
ఎవలో బిగియ్యనీకి మరిచిపోయినట్టు.

ఆగిన ఎస్కలేటరు ఎక్కుడు వేరే కత.
పొద్దుగాల దానికి కరెంటియ్యరు.
అది కదులుతదని కాలు అనుకుంటది,
కదలదని కన్ను చెప్తది,
నడుమ నేను తూలుత.
ఎన్ని దినాలైనా ఆ మొదటి మెట్టు మీద
తూలుడు తప్పలే.

నాతోని నడిచేటాయన ఈజిప్టు సారు,
బడిల లెక్కలు చెప్పెటోడట.
నాకు అరబ్బీ ట్యాంకరు మందమే వచ్చు:
ఎంత, ఎక్కడ, పైసలు, పైపు.
ఆయనకు నేను నేర్పిన తెలుగు ఒక్కటే మాట,
"ఇంకొక్కటి."
లిఫ్టు కాడ ఒక్కడు రొప్పుకుంట ఆగితే
రెండోటోడు వేలు చూపెట్టి అంటడు,
ఇంకొక్కటి.
ఆయన నోట్ల అది ఇంగొగ్గటి అయితది. దిద్దలే.

డిసెంబరుకు ఎండ మెత్తవడ్డది.
మాల్ ఇడిసిపెట్టి పాత తొవ్వ పట్టిన,
నీళ్లు నింపే స్టేషన్ దిక్కు.
లైన్ల నా బండి!
డోరు మీద నేను అతికిచ్చిన ఎల్లమ్మ స్టిక్కరు
సగం గీకేసి ఉన్నది.
లోపట కొత్త పిలగాడు, స్టీరింగు మీద తల పెట్టి పన్నడు.
మెట్‌పల్లి దిక్కట, నరహరి, ఇరవై ఆరేండ్లు,
కడుపు అప్పుడే స్టీరింగుకు ఆనుతున్నది.

ఆ నిద్ర నాకు ఎరికే.
ట్యాంకు నిండనీకి ఇరవై నిమిషాలు,
దినానికి ఆరు ట్రిప్పులు.
నేను ఎన్నేండ్లు గట్ల పన్ననో
సారు ఉంటే లెక్క కట్టి చెప్పునేమో.

డోరు కొట్టిన. దిగు అన్న.
"ఏందే, పోలీసులా?" అని లేసిండు.
కాదు. దిగు.
నిండేదాంక బండి చుట్టు తిరుగుదాం.
పిచ్చోన్ని చూసినట్టు చూసిండు,
సీటు కింద చెప్పులు వెతుక్కున్నడు,
దిగిండు.

పైపుల నీళ్లు ఒర్రుతున్నయి.
ముందు టైరు, వెనుక టైర్లు, నంబరు ప్లేటు,
మల్ల ముందు టైరు.
ఏడో చుట్టుకు వాడు నవ్వుడు బందు చేసి
వాళ్లవ్వ మోకాళ్ల నొప్పుల ముచ్చట చెప్పవట్టిండు.
పన్నెండో, పదమూడో, లెక్క తప్పింది,
మీది మూత కాడ నీళ్లు పొంగి
మా నెత్తిన పడ్డయి.

"నిండిందే!" అని వాల్వు కట్టనీకి ఉరికిండు.
వాడు ఉరుకుడు చూసుకుంట
నేను ఇంకొక్కటి తిరిగిన.